అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన – పల్లెకు ముట్టిన ఫలమెంత?

దేశాల సరిహద్దులు దాటి సాగే వ్యవసాయ పరిశోధన వల్ల మన బీద రైతుకు ఒరిగినదేమిటి అన్న ప్రశ్న కళాశాలల వక్తృత్వపు పోటీలకు కొత్తది కాదు. ఒక వక్త లేచి, హరిత విప్లవమే లేకుంటే ఈ దేశం ఆకలితో అలమటించి ఉండేదంటాడు. మరొక వక్త లేచి, ఆ విప్లవమే మన నేలను, నాటు విత్తనాన్ని, చిన్న రైతును మింగివేసిందంటాడు. ఇద్దరికీ చప్పట్లు సమానంగానే మోగుతాయి. ఇద్దరిలో ఏ ఒక్కరూ ఒక పల్లె పేరు గాని, ఒక వంగడం పేరు గాని చెప్పిన పాపాన పోరు. తెలుగు పాఠాలు చెప్పుకునే వానికి విత్తనాల సంగతి దేనికని విజ్ఞాన శాస్త్ర శాఖలలోని మిత్రులు నవ్వవచ్చు. అయితే మన తరగతులలో కౌలు రైతుల బిడ్డలున్నారు, కూలికి పోయే తల్లుల బిడ్డలున్నారు, మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీల బిడ్డలున్నారు. ఈ లెక్క వారి ఇంటి లెక్క. దానిని ఆవేశంతో గాక ఆధారాలతో చూడడం అవసరమని నా అభిప్రాయం.

ముందుగా సంస్థల సంగతి. 1960లో ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ల ధనసహాయంతో ఫిలిప్పీన్స్ దేశంలోని లాస్ బాన్యోస్‌లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వెలసింది. అది 1966లో విడుదల చేసిన ఐ.ఆర్.8 వరి మరుసటి ఏడాదికే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారి పొలానికి చేరింది. 1971లో ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్య సమితి సంస్థలు, దాతృదేశాలు కలిసి ఇటువంటి కేంద్రాలను పోషించడానికి ఒక సంప్రదింపుల బృందాన్ని ఏర్పరచాయి. ఆ మరుసటి సంవత్సరం, 1972లో, హైదరాబాదు చేరువన పటాన్‌చెరులో ఇక్రిశాట్ స్థాపితమైంది. దాని వంతుకు వచ్చినవి జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ; అనగా కాలువ నీటి ముఖం ఎరుగని పొలాల పంటలు. సుమారు 1,400 హెక్టార్ల ఆ ఆవరణ కోసం రెండు గ్రామాలు ఖాళీ చేయవలసి వచ్చింది. ఆ రెండు ఊళ్ళను ఏ పద్దు కింద వ్రాయాలో డాలర్ల లెక్కకు తెలియదు.

సరే, ఫలితాన్ని కొలవడం ఎట్లా? ఈ విద్యకు ఆద్యుడని చెప్పదగినవాడు జ్వీ గ్రిలికెస్ అనే ఆర్థికవేత్త. అమెరికాలో సంకర మొక్కజొన్న పరిశోధనకైన ఖర్చును, దాని వల్ల సమాజానికి కలిగిన లాభాన్ని త్రాసులో పెట్టి 1958లో ఆయన ఒక వ్యాసం ప్రకటించాడు. ఆ పద్ధతి సారాంశం ఇది: పరిశోధన జరగకుండా ఉంటే ఎంత పండి ఉండేదో ఊహించాలి, నిజంగా పండిన పంట నుంచి ఆ ఊహాపంటను తీసివేయాలి, మిగిలినదే పరిశోధన ఫలం. వినడానికి సులువుగానే ఉంది. కాని ఊహలో ఏ కొంచెం పొరపాటు దొర్లినా ఫలం కొండంత పెరుగుతుంది. ఈ తరహా అంచనాలను వందలకొద్దీ పోగుచేసి తిరిగి లెక్కించిన కొందరు పండితులు 2014లో ఒక సంగతి బయటపెట్టారు. ప్రచురితమైన అంచనాలలో మధ్యస్థమైన రాబడి ఏడాదికి నూటికి 39. వచ్చిన లాభాన్నంతా మళ్ళీ అదే రేటుకు మదుపు పెట్టగలమన్న అవాస్తవపు ఊహను తొలగించి చూస్తే అది 9.8కి దిగింది. 9.8 కూడా హీనమైన రాబడి కాదు. అయితే ఆ రెండు అంకెల మధ్య ఉన్న తేడా పొలంలో పండినది కాదు, కాగితం మీద పండినది.

ఇంకొక చిక్కు ఉన్నది. ఒక వంగడం పుట్టుకలో ఎవరి వాటా ఎంత? మన ఇళ్ళలో రోజూ వండుకునే సాంబ మసూరినే చూడండి. దాని అసలు పేరు బి.పి.టి. 5204. బాపట్ల పరిశోధనా స్థానం నుంచి 1986లో విడుదలయింది. దాని తల్లిదండ్రుల వరుసలో కోయంబత్తూరుకు చెందిన పాత వంగడం జి.ఇ.బి.24 ఉన్నది, తైవాన్‌కు చెందిన పొట్టి వరి టి.ఎన్.1 ఉన్నది, మసూరి ఉన్నది. ఆ మసూరి పుట్టుక మరీ విచిత్రం. 1950ల నాటి ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ పథకం కింద కటక్‌లో సంకరం జరిగి, ఆ విత్తనం మలయా వెళ్ళి, అక్కడ 1965లో విడుదలై, తిరిగి మన ఆంధ్ర దేశానికి వచ్చి స్థిరపడింది. కె.సి. కాలువ కింద పండి ‘నంద్యాల సోనా’ పేరుతో బస్తాలకెక్కే ఈ బియ్యం ఏ ఒక్క సంస్థ సొత్తు? బాపట్లదనాలా, కటక్‌దనాలా, తైవాన్ రైతుదనాలా? ప్రతి సంస్థా తన వార్షిక నివేదికలో మొత్తం పంటను తన ఖాతాలోనే వేసుకుంటే, అన్ని ఖాతాలూ కూడినప్పుడు దేశంలో పండినదానికంటె ఎక్కువ పంట తేలుతుంది!

ఇక అసలు విషయానికి వద్దాం. 2003లో రాబర్ట్ ఎవెన్సన్, డగ్లస్ గోలిన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1960 మొదలు 2000 వరకు జరిగిన హరిత విప్లవాన్ని అంచనా కట్టి ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. వెనుకబడిన దేశాలకు మేలురకం వంగడాలు రాకుండా ఉంటే 2000 నాటికి పంటల ధరలు 35 నుంచి 66 శాతం దాకా అధికంగా ఉండేవని వారు తేల్చారు. కొనుక్కుని తినే కూలివానికి ఇది సామాన్యమైన మేలు కాదు. మొదటి వక్తకు చప్పట్లు న్యాయమే. కాని అదే వ్యాసంలో రెండవ మాట ఒకటి ఉన్నది. కొత్త విత్తనం అందిన రైతు ధర తగ్గినా దిగుబడి పెరిగినందువల్ల నిలదొక్కుకున్నాడు. అందని రైతుకు దిగుబడి పెరగలేదు, ధర మాత్రం తగ్గింది. అనగా విత్తనం అందనివాడు ఉన్నచోటనే ఉండిపోలేదు, మునుపటికంటె దిగజారినాడు. కాబట్టి ఎన్ని వంగడాలు విడుదలయినవి, ఎన్ని వ్యాసాలు వెలువడినవి అన్న జాబితా ప్రభావానికి కొలత కాజాలదు. ఎవరికి అందింది, ఎవరికి అందలేదు, అందినవాని చేతిలో చివరకు ఎంత మిగిలింది అన్నదే కొలత.

ఈ కొలతతో మన నల్లరేగడికి వద్దాం. శనగ ఒకప్పుడు ఉత్తరాది చలి పంట. మన దక్షిణాదిలో చలికాలం పొట్టిది. పూత సమయానికి ఎండ ముదిరి, నేలలోని పదను ఆరిపోయి, మొక్క ఎండుతెగులు సోకి చచ్చేది. త్వరగా కోతకు వచ్చేది, ఎండుతెగులుకు లొంగనిది అయిన శనగ కోసం ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు, మన దేశపు విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు కలిసి పనిచేశారు. జబల్పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంతో కలిసి రూపొందించిన జె.జి.11 వంగడం 1999లో విడుదలయింది. తరువాత జరిగినది కర్నూలు, ప్రకాశం జిల్లాల వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. 2000 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో సుమారు 1.6 లక్షల హెక్టార్లలో ఉన్న శనగ పదేళ్ళలోపే 6 లక్షల హెక్టార్లకు ఎదిగింది. హెక్టారు దిగుబడి రెట్టింపుకు మించింది. కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ వైపు ‘పప్పుశనగ’ అంటే అప్పట్లో బంగారం మాట.

ఇది ముమ్మాటికీ పరిశోధన ఫలమే. అయితే ఒక్క పరిశోధన ఫలమేనా? అదే కాలంలో పత్తి రైతు పురుగుమందుల ఖర్చుతో విసిగి ఉన్నాడు. 2000–01లో పొగాకు సాగుకు విరామం ప్రకటించారు. ఖాళీ అయిన నల్లరేగడి ఏదో ఒక పంట కోసం ఎదురు చూస్తూ ఉన్నది. విత్తనం సిద్ధంగా ఉండడం పరిశోధన గొప్ప; నేల ఖాళీగా ఉండడం కాలం గొప్ప. ఆ పిదప సంగతి ఇంకా ముఖ్యం. పంట బాగా పండేకొద్దీ భూమి యజమాని కౌలు పెంచాడు. కౌలు అన్న మాట మన ఉర్దూ విద్యార్థులకు తెలిసిన ‘ఖౌల్’ నుంచి వచ్చినదే; ఇచ్చిన మాట అని దాని అర్థం. ఆ మాట ఏడాదికేడాది ఖరీదయింది. దిగుబడిలో పెరిగిన భాగం భూమి ఉన్నవాని ఇంటికి నడిచింది. ధర పడిపోయిన సంవత్సరాలలో శనగ బస్తాలు శీతల గిడ్డంగులలో మూలుగుతూ ఉంటే, నష్టం మాత్రం దున్నినవాని ఇంటికి నడిచింది. వంగడాన్ని సృష్టించిన శాస్త్రజ్ఞుని తప్పు ఇందులో లేదు. కాని ఎకరాల లెక్కలోను, క్వింటాళ్ళ లెక్కలోను ఈ సంగతి తెలియదన్నది నిజం. ఇంకొక చిన్న ముచ్చట. శనగ మొక్క ఆకుల మీద పులుపు ఊరుతుంది. చేత్తో పీకే ఆడవారి వేళ్ళు మండి పుండ్లు పడతాయి. నంద్యాల పరిశోధనా స్థానం రూపొందించిన ఎన్.బి.ఇ.జి.47 అనే వంగడం నిటారుగా పెరిగి యంత్రంతో కోయడానికి అనువైనది. దానివల్ల చేతుల మంట తప్పుతుంది. ఆ చేతులకు వచ్చే కూలి కూడా తప్పుతుంది. దీనిని లాభమని వ్రాయాలా, నష్టమని వ్రాయాలా? ఆ ఆడవారిని అడగకుండా వ్రాయకూడదని మాత్రం చెప్పగలను.

శనగ అందిన కథ. వేరుశనగది అందని కథ. అనంతపురం ఎర్రనేలలలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో వేరుశనగ వేసిన రోజులున్నాయి. అందులో అత్యధిక భాగం టి.ఎం.వి.2 అనే వంగడం. అది విడుదలయినది 1940లో. పటాన్‌చెరులో ప్రపంచపు నలుమూలల వేరుశనగ విత్తనాలు భద్రపరచి పరిశోధన సాగుతూ ఉంటే, రెండు మూడు వందల మైళ్ళ దూరంలో రైతు తన తాతనాటి వంగడాన్నే అరవై యేళ్ళు విత్తుతూ వచ్చాడు. రైతు మూఢుడనీ, మార్పుకు వెనుకాడతాడనీ దీనికి కారణం చెప్పేవారున్నారు. నేను ఒప్పుకోను. జొన్న ఎకరాకు నాలుగు కిలోలు చాలు, ఒక్క కంకి నుంచి వేల గింజలు వస్తాయి. కొత్త విత్తనం రెండు మూడేళ్ళలో మండలమంతా పాకగలదు. వేరుశనగకు ఎకరాకు సుమారు అరవై కిలోల పప్పు కావాలి. వాన బాగున్న ఏడాదిలో కూడా విత్తినదానికి ఎనిమిది పది రెట్లు వస్తే గొప్ప. కరువు ఏడాదిలో విత్తనపు కాయలు సైతం వంటింటికి, లేదా వడ్డీ వ్యాపారి కొట్టుకు పోతాయి. అందుచేత ఏటా మే, జూన్ నెలలలో సబ్సిడీ విత్తనం కోసం రైతులు బారులు తీరి నిలబడవలసి వచ్చేది. ఇచ్చిన విత్తనమే విత్తాలి గాని కోరిన విత్తనం కాదు. ఇక్రిశాట్ వారి ఐ.సి.జి.వి.91114 అనే కరువును తట్టుకునే వంగడం ఆంధ్ర ప్రదేశ్‌లో 2006లో గాని విడుదల కాలేదు. దానికంటె కదిరి పరిశోధనా స్థానపు కె.6 ఎక్కువ దూరం పోయింది. స్థానిక కేంద్రాన్ని ఎండబెట్టి అంతర్జాతీయ కేంద్రం ఒక్కటే పల్లెను తడపగలదనుకోవడం భ్రమ అనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

రైతు మనస్తత్వం మాట వచ్చింది కాబట్టి ఇక్రిశాట్ చేసిన పనులలో నాకు అన్నిటికంటె ఎక్కువ నచ్చినదానిని చెప్పాలి. అది విత్తనం కాదు. 1975లో ఆ సంస్థ ఆనాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు గ్రామాలను, మహారాష్ట్రలో నాలుగు గ్రామాలను ఎంచుకుని, ఊరికి నలభై కుటుంబాల చొప్పున వారి రాబడి, ఖర్చు, అప్పు, కూలి, పశువులు మొదలైన వివరాలను ఏళ్ళ తరబడి వ్రాయించింది. వివరాలు సేకరించేవారు ఊరిలోనే కాపురముండి వ్రాశారు. భూమి లేని కూలీలను కూడా నలభైలో చేర్చారు, ఇది గమనార్హం. ఆ గ్రామాలలో హాన్స్ బిన్స్‌వాంగర్ అనే పరిశోధకుడు రైతుల చేత నిజమైన డబ్బుతో బొమ్మాబొరుసూ ఆడించి, ఎవరు ఎంత సాహసానికి సిద్ధపడతారో పరీక్షించాడు. పందెం పెద్దదయ్యేకొద్దీ ధనికుడూ బీదవాడూ దాదాపు ఒకే తీరున జాగ్రత్తపడ్డారని తేలింది. కాబట్టి కొత్త విత్తనం ముందుగా పెద్ద రైతు పొలంలో కనబడితే దానికి కారణం అతని గుండె ధైర్యం కాదు. అతని వద్ద అప్పు పుట్టే దారి ఉన్నది, పంట పోతే తినడానికి గింజలున్నాయి.

అది నిజమయితే నష్టభయాన్ని తగ్గించే విత్తనం బీదవానికే ఎక్కువ మేలు చేయాలి కదా? ఈ ప్రశ్నకు ఒడిశాలో సమాధానం దొరికింది. ఒడిశా నాటు వరి ఎఫ్.ఆర్.13ఎ నీట మునిగినా కొన్నాళ్ళు బ్రతుకుతుంది. ఆ గుణాన్ని లాస్ బాన్యోస్ శాస్త్రజ్ఞులు మన మార్టేరు కేంద్రపు ప్రసిద్ధ వంగడం స్వర్ణలో ప్రవేశపెట్టగా వచ్చిన స్వర్ణ సబ్‌1 మన దేశంలో 2009లో విడుదలయింది. 2011లో ఆర్థికవేత్తలు ఒడిశాలో 128 గ్రామాలను తీసుకుని, చీటీ వేసినట్లు సగం గ్రామాలను ఎంపిక చేసి, వాటిలో కొందరు రైతులకు ఈ విత్తనపు చిన్న సంచులు ఇచ్చారు. మిగిలిన గ్రామాలు పోల్చి చూడడానికి ఉన్నాయి. గ్రిలికెస్ నాడు ఊహించవలసి వచ్చినదానిని ఇక్కడ కంటితో చూడవచ్చునన్నమాట. పది రోజులు పొలం మునిగినప్పుడు మామూలు స్వర్ణ కంటె ఇది 45 శాతం ఎక్కువ పండింది. దళితుల పొలాలు పల్లంలో, ముంపు నేలలలో ఎక్కువగా ఉన్నందున ఫలం వారికే అధికంగా దక్కే వీలున్నదని తేలింది. తరతరాలుగా పనికిరాని నేల అంటగట్టబడినవారికి, ఆ నేల కారణంగానే మొదటి వాటా దక్కే విత్తనం ఇది. అంతేకాదు, ముంపు భయం తగ్గిన రైతు మరుసటి ఏడాది ఎరువు ఎక్కువ వేశాడు, సాగు పద్ధతి మెరుగుపరచుకున్నాడు. ఔరేపల్లి బొమ్మాబొరుసుకు ఇది పొలంలో దొరికిన జవాబు. నా మటుకు నాకు, నలభై సంవత్సరాల వార్షిక నివేదికలకంటె ఈ ఒక్క పరీక్ష ఎక్కువ విలువైనది.

జొన్న సంగతి చెప్పకపోతే ఈ లెక్క తెగదు. 1970 ప్రాంతంలో దేశంలో సుమారు 1.7 కోట్ల హెక్టార్లలో ఉన్న జొన్న నేడు దానిలో మూడో వంతు కూడా లేదు. సి.ఎస్.హెచ్.1 అనే తొలి సంకర జొన్న 1964లోనే వచ్చింది, ఇక్రిశాట్ సైతం దానిపై దశాబ్దాలు శ్రమించింది. గింజ దిగుబడి పెరిగింది. కాని రైతు జొన్న వేసేది గింజ ఒక్కదాని కోసం కాదు, చొప్ప కోసం కూడా. పొట్టి మొక్క ఎద్దు కడుపు నింపదు. వానలలో కంకికి బూజు పట్టిన గింజతో రొట్టె కుదరదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన తరువాత, నీళ్ళు పెట్టి పండించే ధాన్యం మెట్ట ధాన్యంకంటె చవుకయింది. మన ఇళ్ళలో నానమ్మల చేతి ‘జవారీ కీ రోటీ’ నేడు మధుమేహం వచ్చినవారి పథ్యంగా తిరిగి వస్తున్నది! పరిశోధన విఫలమైందని దీని అర్థం కాదు. పరిశోధన ఒక దిక్కుకు, ప్రభుత్వ ధరల విధానం మరొక దిక్కుకు లాగితే విధానమే గెలుస్తుంది.

ఇప్పుడు కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మనకు అర్థశాస్త్ర శాఖ ఉన్నది, వృక్షశాస్త్ర శాఖ ఉన్నది, ఉర్దూ తెలుగు రెండూ మాట్లాడగల విద్యార్థులున్నారు. నల్లరేగడి గ్రామం ఒకటి, ఎర్రనేల గ్రామం ఒకటి ఎంచుకుని, ఊరికి నలభై కుటుంబాల చొప్పున మనమే ఎందుకు వ్రాసుకోకూడదు? ఏ వంగడం విత్తారు, విత్తనం ఎక్కడిది, కౌలు ఎంత, ఆడవారికి ఎన్ని దినాల కూలి దొరికింది, చొప్ప ఎంతకు పోయింది, ఇంట్లో వండుకున్నదేమిటి – ఇవి చాలు. నలభైలో పదిమంది భూమి లేనివారు ఉండితీరాలి. శనగ విత్తే అక్టోబరులో ఒకసారి, కోత కోసే జనవరి, ఫిబ్రవరిలో ఒకసారి, మార్కెట్ యార్డు తక్‌పట్టీలు చేతికి వచ్చిన తరువాత ఒకసారి పోవాలి. కావలసినది ఆ ఆదివారాలకు కళాశాల బస్సు, రెండు భాషలలో అచ్చువేసిన ప్రశ్నపత్రాలు, గట్టి అట్టల పుస్తకాలు ఎనభై. విద్యార్థినులు తప్పక వెళ్ళాలి. వేళ్ళ మంట సంగతి మగపిల్లలు అడిగితే ఆ తల్లులు చెప్పరు.